పంపుసెట్టు పిల్ల

"ఎల్లుండి పొద్దున్నకి ఆ పిల్ల స్టూడియోలో ఉండాలి. లేకపోతే మర్నాటి నుంచి నువ్వు నా కొట్టుకి రానక్కర్లేదు" అన్నాడు శ్యామసుందర్.

లక్ష్ముడు గోడమీది క్యాలెండరు వైపు చూడకుండా తలవంచుకుని నిలబడ్డాడు.

శ్యామసుందర్‌ది బరంపురం గేట్ బజార్లో పంపుసెట్ల కొట్టు. మూడేళ్ల కిందట ఓ క్యాలెండరు వేయించాడు. అందులో పంపుసెట్టు చిన్నది. దాని నీళ్లధార కింద తడిసిన పచ్చచీరలో, మెడ వెనక్కి తిప్పి నవ్వే పిల్ల పెద్దది. చేనుకి నీళ్లు తోడే ఇంజనుకీ, ఒంటికి అంటుకున్న చీరకీ ఏం సంబంధమో ఆ దేవుడికే తెలియాలి. ఎన్ని హార్స్‌పవరని ఒక్క రైతూ అడగలేదు. ఆ పిల్లది ఏ ఊరని మాత్రం అందరూ అడిగారు. ఇంజన్లన్నీ అమ్ముడుపోయాయి.

ఆ ఫొటో కుదిర్చినవాడు కొట్లో గుమాస్తా లక్ష్ముడే. గంజాం జిల్లా అంతా గాలించినా, తడిచీరతో కెమెరా ముందు నిలబడే ఆడది దొరకలేదు. "రెండ్రోజులు ఆగండి బాబూ" అని వెళ్లి, ఫొటో తెచ్చి చేతిలో పెట్టాడు. అంతకుముందు భాగవతం మేళంతో ఊళ్లు తిరిగినవాడు కదా, ఎవర్నైనా మాటల్లో పెట్టగలడని శ్యామసుందర్ మురిసిపోయాడు. ఇప్పుడదే లక్ష్ముడి మెడకి చుట్టుకుంది.

"ఇంట్లో ఒప్పుకోరు బాబూ."

"పెళ్లయిందా?"

"అయింది."

"అయితే మొగుణ్ణి కూడా తీసుకురా. నేను మాట్లాడతాను."

"మూడేళ్లయిపోనాది బాబూ. ఆ రూపు ఇప్పుడు లేదు. కొత్త మనిసిని సూద్దాం."

"కిందటేడు చూశాంగా! ఎవడైనా గోడకి తగిలించాడా? నాకు ఆ నవ్వే కావాలి."

లక్ష్ముడు ఇంటికొచ్చేసరికి భార్య సీతాలు అతని రేకుపెట్టె తెరిచి ముందేసుక్కూర్చుంది. ఆమెకి అయిదో నెల. ఒళ్లో పచ్చచీర, ఓ సవరం, అరడజను గాజులు ఉన్నాయి.

"ఈ సీర ఎవలిది మావా?"

లక్ష్ముడు గబగబా తలుపు దగ్గరగా వేశాడు.

"నువ్వు సెప్పక్కర్లేదులే. మా అయ్య మంచం కాడ గోడమీదున్నాది ఈ సీరే. గాజులు ఏసుకుని సూసినాను, నాకు జారిపోతన్నాయి. గట్టి మనిసే!"

చెప్పేద్దామనుకున్నాడు. అంతలో పురుషోత్తంపూర్లో ఉండే మామ తవిటయ్య గుర్తొచ్చాడు. ఆయన రెండు ఇంజన్లు కొని రెండు క్యాలెండర్లు పట్టుకెళ్లాడు. పొద్దున్న లేస్తూనే ఆ ముఖమే చూస్తాడు. ఆ బొమ్మని చూసి బావమరుదులు అనే మాటలన్నీ, లక్ష్ముడు వాళ్లింట్లో భోజనం చేస్తూ తలెత్తకుండా విన్నాడు. ఇప్పుడు తల్చుకున్నా సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. చెబితే పరువు పోతుంది, సంగతి బజారున పడితే ఉద్యోగమూ పోతుంది. చెప్పకపోతే సీతాలు పోయేలా ఉంది.

"నీ మీసం సూసి మనసుపడి సేసుకున్నాను నిన్ను" అని ఏడ్చింది సీతాలు. "నా కడుపు మీద సెయ్యేసి ఒట్టెయ్యి, దాని మొకం ఇంకెప్పుడూ సూడనని. లేదంటే రేపే మా అయ్య కాడికి ఎల్లిపోతాను."

లక్ష్ముడు చెయ్యి వేశాడు. అరచేతి కింద బిడ్డ కదిలింది.

"సూడను" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ ముఖమంటే అందరికన్నా ఎక్కువ అసహ్యం అతనికే.

సీతాలు చీరనీ సవరాన్నీ పొయ్యిలో పెట్టి, కళ్లు తుడుచుకుని అన్నం వడ్డించింది.

మర్నాడంతా లక్ష్ముడు వేరే పని కోసం గేట్ బజార్లో మెట్టుమెట్టూ ఎక్కి దిగాడు. ఎవరూ రమ్మనలేదు. పుట్టబోయే బిడ్డకి ఏం పెడతాడు?

ఆ మర్నాడు పొద్దున్నే స్టూడియోకి వెళ్లాడు. ఫొటోలు తీసే కూర్మయ్య కొత్త పచ్చచీర చేత్తో పట్టుకుని గుమ్మంలోనే ఉన్నాడు.

"బేగి కానీ లచ్చుడూ. మీ కొట్టు సేటు వచ్చీలోగా అయిపోవాల."

లక్ష్ముడు తలూపి, పక్కనున్న మంగలి అసిరయ్య కొట్లోకి వెళ్లాడు. కుర్చీలో కూర్చుని, అసిరయ్యకి ఏం చెయ్యాలో మెల్లిగా చెప్పాడు. సరిగ్గా విన్నానా అన్నట్టు అసిరయ్య మళ్లీ అడిగాడు. లక్ష్ముడు ఊఁ అని కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

కత్తి చల్లగా తగిలింది. అరచేతి కింద బిడ్డ కదలడం గుర్తొచ్చింది. ఆ పసిదానికేం కాకూడదని తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాడు.

"అయిపోనాది బాబూ. సూసుకోండి" అన్నాడు అసిరయ్య.

లక్ష్ముడు కళ్లు తెరిచేసరికి, అద్దంలోంచి, మీసం లేని మూతితో, ఇంకెప్పుడూ చూడనని ఒట్టేసిన ఆ పంపుసెట్టు పిల్ల అతనికేసి చూస్తోంది.