ఈతమట్ట చివర గూడు

తాత దగ్గర గూడు అల్లే విద్య పూర్తిచేసుకుని బయటికొచ్చిన గిజిగాడు పోచన్నకి, ఇక ఎక్కడ కాపురం పెట్టాలన్నదే ఆలోచన. తనతో పాటు నేర్చుకున్న పిట్టలన్నీ ఎగబడి మామిడితోపులో చేరిపోయాయి. అక్కడ ఆకు దట్టం, గాలి దూరదు. పోచన్న మాత్రం వాగు మీదికి వంగిన ఈతచెట్టుకి, మట్ట చివర మొదటి గడ్డిపోచ ముడేశాడు.

"విద్య నేర్చినవాడివి, నీకిదేం పోయేకాలంరా? అక్కడ ఈదురుగాలి ఊపేస్తుంది," అంది తోపులో ఉండే కాకి పెద్దమ్మ.

"ఊపనీ పెద్దమ్మా. గాలి తగలని చోట గూడు నిలిస్తే పేరు చెట్టుకొస్తుంది. ఇక్కడ నిలిస్తే మా తాత నేర్పిన ముడికొస్తుంది."

ఆ మాటకి తోపు తోపంతా నవ్వింది.

గూడు సగమయ్యేసరికి ఈదురుగాలి రానే వచ్చింది. పోచన్న పక్క మట్టని గోళ్లతో పట్టుకుని చూశాడు. గూడు ఉయ్యాలలా ఊగింది గాని, ఒక్క పోచ జారలేదు.

గిజిగాళ్లలో ఒక ఆచారం ఉంది. సగం కట్టిన గూటిని ఆడపిట్ట వచ్చి పీకి చూస్తుంది. నచ్చితే కాపురం, నచ్చకపోతే కట్టినదంతా దండగ. గాలి తగ్గాక ఒక ఆడపిట్ట వచ్చి, ముడి ముడినీ లాగి చూసి, లోపలికెళ్లి కూర్చుంది.

"గాలికి మరీ ఊగకుండా, బరువుకి ఇంకాస్త తడిమట్టి అద్దాలి. పట్రా," అంది.

పోచన్నకి ఆ మాట చాలు. తడిమట్టి గూటి కిందే, వాగు ఒడ్డునే ఉంది. అయినా ముక్కున మట్టి కరుచుకుని, మామిడితోపు మీదుగా చుట్టు తిరిగి వచ్చాడు.