ఒక షీటు ఆకుపచ్చ చుక్కలు

రస్సెల్ కుబియాక్ దొంగిలించింది డబ్బూ కాదు, నగలూ కాదు. ఒక షీటు ఆకుపచ్చ చుక్కల స్టిక్కర్లు. యాభై ఎనిమిదేళ్ళు నిజాయితీగా బతికి, తీరా దొంగతనం చెయ్యబోతే అతని చేతికి అంతకంటే గొప్ప వస్తువు దొరకలేదు.

మిల్వాకీలో టానరీ పార్కుని బాగుచేస్తున్నారు. నడక దారుల వెంట ఎలాంటి దీపాలు పెట్టాలో జనాన్నే అడుగుదామని పార్కు సంఘం మూడు డిజైన్లని మూడు బోర్డుల మీద గీయించి చర్చి హాల్లో నిలబెట్టింది. వచ్చినవాళ్ళకి తలా ఒక చుక్క ఇస్తారు. నచ్చిన బోర్డు మీద అంటించాలి. శుక్రవారం చేపల వేపుడు విందు రోజునే ముహూర్తం పెట్టారు. ఆ పేటలో దీపాల కోసం ఎవరూ గడప దాటరు, చేప కోసమైతే మంచులో కూడా వరస కడతారు.

మొదటి బోర్డు రస్సెల్‌ది. మోకాలెత్తు దీపాలు, పసుప్పచ్చటి వెలుతురు, కాలిబాట మీద తప్ప ఇంకెక్కడా పడదు. రెండోది స్టేడియంలా తెల్లగా వెలిగే పొడుగు స్తంభాలు. మూడోది ఇనప పువ్వులు చుట్టిన గాజు గోళాలు. పెళ్ళి కేకు మీద ఉండాల్సినవి దారి తప్పి పార్కుకొచ్చాయని రస్సెల్ అభిప్రాయం.

అభిప్రాయాలకేం, అతని దగ్గర కావలసినన్ని ఉన్నాయి. రెండేళ్ళ క్రితం “నీడకి కూడా చోటివ్వాలి” అంటూ బస్టాండు ముందు అతను పెట్టిన దీపాల పుణ్యమా అని ఆరుగురు బెంచీలు తన్నుకుని పడ్డారు. ఏడోవాడు రస్సెలే. అప్పట్నుంచీ అతని యజమాని వెర్నన్‌ది ఒకటే మాట.

“ఈ పార్కు కూడా పోయిందనుకో, నీకిక ఫ్రిజ్ లోపలి దీపాలే గతి రస్సెల్. తలుపు తీస్తే వెలగాలి, మూస్తే ఆరాలి. అందులో నీడకి చోటివ్వక్కర్లేదు.”

అందుకే ఆ శుక్రవారం మూడున్నరకల్లా, లోపల వంటవాళ్ళు నూనె కాగబెడుతుండగా, రస్సెల్ బల్ల మీది షీటు ఒకటి లాగేసి తన బోర్డు ముందు నిలబడ్డాడు.

దొంగన్నవాడు గబగబా పని ముగించుకుని పారిపోవాలి. ఇతను డిజైనరాయె. మొదటి పది చుక్కలూ సూటిగా, సమాన దూరంలో కూర్చున్నాయి. మామూలు జనం ఇలా అంటించరని పదకొండో చుక్కకి గానీ తట్టలేదు. అవన్నీ పీకి మళ్ళీ వంకర టింకరగా అంటించడానికి అతను పడ్డ బాధ పగవాడికి కూడా వద్దు. పీకినవాటికి జిగురు కూడా సగమే మిగిలింది.

షీటు ఖాళీ కాగానే వెనక తలుపులోంచి జారుకున్నాడు. ఆ పూట విందుకి కూడా ఉండలేదు.

వారం తర్వాత అదే హాల్లో, మరో శుక్రవారం విందులో, సంఘం పెద్ద డొలోరెస్ మెక్‌నీలీ మైకు పట్టుకుంది. ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పిన గొంతు అది.

“చుక్కలు బోర్డుకి అంటించినవాళ్ళకి కృతజ్ఞతలు. చొక్కాకి అంటించుకుని ఇంటికి పోయినవాళ్ళకి కూడా కృతజ్ఞతలు. గెలిచింది మొదటి బోర్డు!”

ఎన్ని చుక్కలతో గెలిచిందో చెప్పలేదు. ఓడినవాళ్ళ మనసు కష్టపెట్టకుండా అంకెలు మింగెయ్యడం అక్కడి మర్యాద. హాలంతా చప్పట్లు మోగాయి. పక్క బల్ల దగ్గరి బట్టతల ముసలాయన రస్సెల్ చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

“దీపాలాయనవి నువ్వేనా? శభాష్! ఇదిగో, నా బంగాళదుంప అట్టు కూడా నువ్వే తినెయ్.”

రస్సెల్ కళ్ళు చెమ్మగిల్లాయి. తనని ఇంతగా ప్రేమించే జనాన్నా మోసం చేశాడు! తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. పైగా ఆ దొంగ చుక్కలు లేకపోయినా తనే గెలిచేవాడేమో. అట్టు సగమయ్యేసరికి ఆ ‘ఏమో’ కాస్తా ఎగిరిపోయింది. మొత్తం అయ్యేసరికి, గెలుపు మీద ఒక్క మచ్చ కూడా ఉండకూడదని తీర్మానించుకున్నాడు. దాన్ని పశ్చాత్తాపం అనుకున్నాడు గానీ, అందులో ముప్పాతిక వంతు పొగరే.

వంటింట్లో డొలోరెస్ క్యాబేజీ సలాడు వడ్డిస్తోంది.

“డొలోరెస్ గారూ, పెద్ద తప్పు చేశాను. ఏ శిక్ష వేసినా సరే.”

“ఏం చేశావు నాయనా? ఆ గాజు గోళాలాయన కారు గీకేశావా?”

“పోయిన వారం ఒక షీటు చుక్కలు కాజేశాను. నలభై. అన్నీ నా బోర్డుకే అంటించుకున్నాను.”

ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. “అయ్యో రాత! ఇది మీ వెర్నన్‌కి తెలిస్తే నీ ఉద్యోగం ఉంటుందటయ్యా?”

“భేషుగ్గా ఉంటుంది. ఆ నలభై తీసేసి మళ్ళీ లెక్కపెట్టండి. జనం వేసిన ఓట్లతోనే గెలిచానని మైకులో నేనే చెబుతాను.”

డొలోరెస్ చేతులు తుడుచుకుంది. కళ్ళజోడు పెట్టుకుని ఏప్రన్ జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసింది. ఒకసారి చూసింది. వెనక్కి తిప్పి అక్కడేమైనా రాసుందేమోనని కూడా చూసింది. తర్వాత నెమ్మదిగా అతని భుజం మీద చెయ్యి వేసింది.

“నలభై ఎలా తీసెయ్యను నాయనా? నీ బోర్డు మీద ఉన్నవే ముప్పై ఎనిమిది.”