ఖేడ్ హై

"ఆవాజ్ పెంచు జహీరూ, ఏం వినబడ్తలేదు," అన్నాడు మాణిక్యప్ప.

జహీర్ హోటల్లో టీవీ మాటలు ఎప్పుడూ సగమే వినిపిస్తాయి. మిగతా సగం ఎదురుగా ఉన్న బస్ డిపో మింగేస్తుంది. అయినా ఆ రోజు చాయ్ తాగడానికి వచ్చినవాళ్ళంతా గ్లాసులు చేతిలో పట్టుకుని టీవీ వైపే చూస్తున్నారు.

మిలిటరీవాళ్ళకు ఫిరంగులు కాల్చి చూసుకోవడానికి మైదానం కావాలట. తీసుకుంటే ఇక్కడివాళ్ళు ఖేడ్ అని పిలుచుకునే నారాయణఖేడ్ పొలాలు తీసుకోవాలి, లేదంటే సరిహద్దు అవతల కర్ణాటక పొలాలు. మా దగ్గర వద్దంటే మా దగ్గర వద్దని రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రులూ ఢిల్లీ వెళ్ళారు. కేంద్రమంత్రితో పొద్దుటి నుంచి మంతనాలు. పెద్దవాళ్ళు చల్లటి గదిలో జీడిపప్పు నములుతూ తేల్చే సంగతి. ఇక్కడ మాణిక్యప్ప పెళ్ళాం సంగమ్మకు మంచినీళ్ళు కూడా గొంతు దిగడం లేదు.

చేను ఆమె పేరు మీదే ఉంది. తల్లి ఇచ్చిన చేను. ఈ ఏడు కంది విరగబూసింది. నిన్న సాయంత్రం గట్టు మీద కూర్చుని ఆ పూత చూసి ఏడ్చింది కూడా.

పక్కన బస్వరాజ్ సార్ ఉన్నాడు. సంగమ్మ కూతురు వినోద చదువుకున్న హాస్టల్ బడిలో పనిచేసి, రిటైరై, ఈ మధ్యనే ఖేడ్ వచ్చి ఇల్లు కట్టుకున్నాడు. ఎవరికి ఏ కష్టమొచ్చినా పిలవకుండానే వస్తాడు. ఈ కష్టానికి కూడా ఉపాయం ఆయనే చెప్పాడు.

"సర్కారు గుంజుకుంటే పరిహారం ఎప్పటికొస్తదో ఏమో. కోర్టుల చుట్టూ తిరుగుడే. నాకు పిల్లా జెల్లా లేరు, నేను తిరుగుత. చేను నా పేరు మీద రాయిన్రి. గది గూడ ఖేడ్ అని తేలితేనే, చెల్లె! కాదంటే మీ చేను మీదే, మీ కంది మీదే."

ఆయన ఇస్తానన్నది సగం ధర కూడా కాదు. పోయే చేనుకు అంతైనా ఎవరిస్తారు? మొగుడూ పెళ్ళాలు రాత్రంతా ఆలోచించి సరేనన్నారు. ఎమ్మార్వో ఆఫీసులో రిజిస్ట్రేషన్‌కు ఆ మధ్యాహ్నానికే స్లాటు పెట్టించి ఉంచాడు సార్. ఇక ఢిల్లీ మాట ఒక్కటే తరువాయి.

టీవీలో తలుపు తెరుచుకుంది. ముగ్గురు నాయకులూ బయటికొచ్చారు. కేంద్రమంత్రి మధ్యలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

మొదలైంది హిందీ. మామూలు హిందీ కాదు, పురోహితుడు సంకల్పం చెప్పినట్టు ఒకటే గుక్క.

"ఏమంటుండు జహీరూ?" అన్నది సంగమ్మ.

"అరె, మా ఇంట్ల మాట్లాడేది దక్నీ ఉర్దూ. గీ భారీ హిందీ నాకేం సమజైతది?"

అప్పుడే డిపోలోంచి ఒక బస్సు గాండ్రించుకుంటూ బయటికొచ్చింది. మంత్రి మాటల్లో 'కిసాన్' అన్నది ఒక్కటి చెవిన పడింది. బస్సు మలుపు తిరిగింది. మంత్రి రెండు చేతులూ జోడించాడు. ఈ మాట మాత్రం అందరికీ వినిపించింది.

"...ఖేడ్ హై!"

ఖేడ్‌వాళ్ళకు ఖేడ్ అన్న మాట ఇంకొకరు విడమరిచి చెప్పాలా?

"మన ముఖ్యమంత్రిని సూడున్రి. మనల్ని అమ్మొచ్చి ఎట్ల నవ్వుతుండో!" అన్నారెవరో. జహీర్ మండిపడి టీవీ బంద్ చేశాడు.

సంగమ్మ మాత్రం ఆశ చావక సార్ వైపు తిరిగింది. "నేనే తప్పు విన్ననేమో సార్. ఏమన్నడు?"

సార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "విన్నవు గద చెల్లె. మళ్ళ నా నోటితోని ఎందుకు చెప్పిస్తవు? జల్దీ నడువున్రి, స్లాటు టైమైతుంది."

ఆఫీసు మెట్ల మీద ఉండగా మాణిక్యప్ప జేబులో ఫోన్ మోగింది. ఆగి మళ్ళీ మోగింది.

"లోపల ఫోన్ మోగితే ఎమ్మార్వో మేడం తిడ్తది. బంద్ పెట్టు," అన్నాడు సార్. మాణిక్యప్ప బంద్ పెట్టాడు.

మిషన్ సంగమ్మ వేలిముద్ర తీసుకోలేదు. కలుపు తీసి తీసి అరిగిన వేలు. సార్ తన చేతిరుమాలు తడిపి, ఆ వేలిని తనే మెల్లగా తుడిచాడు. ఈసారి తీసుకుంది.

బయటికొచ్చాక మాణిక్యప్ప సార్ కాళ్ళకు మొక్కాడు. సార్ అతని భుజం తట్టి, కాగితాలు సంచిలో పెట్టుకుని, పని ఉందంటూ ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు.

ఇద్దరూ డిపో దాకా నడిచారో లేదో, సంగారెడ్డి బస్సులోంచి వినోద దూకినట్టే దిగింది. కాలేజీకి సెలవులు. చేతిలో మిఠాయి డబ్బా, మొహం నిండా నవ్వు.

"ఎన్నిసార్లు ఫోన్ చెయ్యాలె? ఎత్తరేందే!"

సంగమ్మకు ఒళ్ళు మండింది. "కొంప మునిగి మేమేడుస్తుంటే మిఠాయిలేందే నీకు?"

"మంత్రి మాట విన్లేదా?"

"విన్నం. ఖేడ్ హై అన్నడు. చేను బస్వరాజ్ సార్‌కు రాసిచ్చినం. పాపం, పక్కనే కూసోని విన్నడు. ఆయనకు గూడ కండ్లల్ల నీళ్ళొచ్చినయి."

వినోద చేతిలోంచి డబ్బా జారి కిందపడింది.

"ఖేడ్ కాదే, ఖేద్... మైదానం ఎక్కడా వద్దనుకున్నం, రైతులను పరేషాన్ చేసినం, మన్నించున్రి అన్నడే. 'హమే ఖేద్ హై' అంటే మాకు బాధైతుందని ఆరో తరగతి హిందీల మాకు నేర్పిందే గా బస్వరాజ్ సార్ గదనే అమ్మా!"