డేగపుంజు మీద ఫిర్యాదు

“ఆ పుంజుని బయటికి పంపిస్తావా, నన్ను డాక్టరమ్మ దగ్గరికి ఎల్లమంటావా?”

రమేష్‌బాబుకి ఒళ్లు మండిపోయింది. నరసన్నపేటలో ఈ నాటుకోళ్ల ప్రదర్శన పెట్టించింది అతనే. కాసేపట్లో బహుమతులు. సరిగ్గా ఇప్పుడే ఎక్కణ్నుంచి ఊడిపడిందో ఈవిడ! యాభై దాటిన మనిషి, చెమటలు కక్కుకుంటూ వచ్చి, మొదటి బహుమతి ఖాయమని అందరూ అనుకుంటున్న డేగపుంజునే వేలెత్తి చూపిస్తోంది.

“దానికేమైందమ్మా? నిక్షేపంలా ఉంది కదా!”

“దానికేటీ అవనేదు. దాంతోపాటు తిరిగిన పెట్టలు సచ్చిపోనాయి. నిన్నంతా మెడలు వాల్చీసి కూకున్నాయి. తెల్లారీసరికి ఒక్కటీ నేదు. అలాటి ఇంటి పుంజుని ఇన్ని కోళ్ల మద్దిన ఎలా ఎట్టినావు?”

ఎలా పెట్టాడంటే, ఒళ్లు దగ్గర పెట్టుకునే పెట్టాడు. బర్డ్ ఫ్లూ అంటే అతనికీ భయమే. గేటు దగ్గర సున్నం చల్లించాడు. మందునీళ్లలో కాళ్లు ముంచనిదే ఎంతటివాణ్నీ లోపలికి రానివ్వలేదు. పంజరాల మధ్య బారెడు ఎడం ఉంచాడు. కోడిని పట్టుకొచ్చిన ప్రతి మనిషినీ ఆపి, “మీ ఇంట్లో కోళ్లేమైనా చచ్చాయా?” అని అడిగాడు. అందరూ లేదన్నారు. మీసాలున్న పెద్దమనుషులు, అబద్ధమాడతారా?

“చావడం నువ్వు కళ్లారా చూశావా?” అని గద్దించాడు.

“సూడకేటి? గొయ్యి తీసి పూడ్చింది నానే.”

“ఏ ఊరు నీది?”

“పాతపట్నం అవతల.”

పుంజు తెచ్చిన అసిరయ్యదీ అటువైపే. ఇంకేం, రమేష్‌బాబుకి సంగతంతా అర్థమైపోయింది. ఈవిడ ఆ ఇంట్లో పనిచేసేది. ఏదో పాడుపని చేసుంటుంది, తీసేసుంటారు. ఆ అక్కసంతా నలుగురిలో కక్కడానికి బస్సెక్కి మరీ వచ్చింది.

అసిరయ్య పంజరం పక్కనే ఉన్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, “ఎల్లు... ఇంటికెల్లు” అన్నాడు నెమ్మదిగా. అంతే. ఇంకొకడైతే చెంప పగలగొట్టేవాడు. అంత మర్యాదస్తుడి మీద ఇంత నింద వేస్తుందా అని రమేష్‌బాబుకి కోపం రెట్టింపైంది.

“నడువమ్మా, నడు. బహుమతులిచ్చే వేళ.”

“నాను కదల్ను. సాయంత్రానికి ఈ కోళ్లన్నీ తలో ఊరికీ ఎల్లిపోతాయి. ఆ రోగం ఏ ఊరు పట్టుకుపోతారో ఎవులికి తెలుసు? పెట్టల మీద బతికే ఆడోళ్లు ఎంతమంది లేరు! ఆళ్ల పెరళ్లు కాళీ అయిపోతే ఆ ఉసురు ఎవులికి తగుల్తాది? నీకు తగల్దా?”

తనకి ఉసురా! పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టకుండా గేటు దగ్గర నిలబడ్డవాడికి!

ఈ మాట డాక్టర్ ఝాన్సీ చెవిన పడితే అయిపోయినట్టే. పశువైద్యశాల నుంచి వచ్చి మైదానం పక్క గదిలోనే కూర్చుని ఉంది. అనుమానం వచ్చిందంటే ప్రదర్శన ఆపేస్తుంది, ఒక్క కోడిని కదలనివ్వదు. ఇక వచ్చే ఏడు ఈ ఛాయలకి ఎవడూ కోడిని తీసుకురాడు. ఎవరో ఒక ఆడమనిషి కడుపుమంటకి తన కష్టమంతా బూడిదైపోవాలా?

జనం మూగారు. “ఈవిడ పుంజు ఓడిపోనాదేటిరా?” అన్నాడెవడో. నవ్వులు.

ఆ నవ్వులతో రమేష్‌బాబుకి ధైర్యం వచ్చింది. వేదిక మీంచి మైకు లాక్కొచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

“నిజమే అయితే దాపరికమెందుకు? ఎవరింట్లో కోళ్లు చచ్చాయో, ఎవరు దాచిపెట్టి ఇక్కడికి తెచ్చారో, పేరు పెట్టి చెప్పు. చెప్పిన మరుక్షణం డాక్టరమ్మని నేనే పిలుస్తాను. అందరూ వింటున్నారు.”

ఆమె మైకు నోటి దగ్గర పెట్టుకుంది. అసిరయ్య వంక చూసింది. అతను పంజరం ఊచలు లెక్కపెడుతున్నట్టు తల దించుకున్నాడు.

“ఆ డేగపుంజుని తెచ్చిన మనిసి” అంది.

“మనిషికో పేరుంటుంది కదా! పేరు చెప్పు.”

“ఎదర నిలబడ్డాడు, అవుపడ్డం నేదా?”

“పేరు!”

“నాను సెప్పను.”

జనం గొల్లుమన్నారు. రమేష్‌బాబు చేతులు రెండూ చాపి వాళ్లవైపు తిరిగాడు. “చూశారా! ఇందాకటి నుంచి ఊళ్లన్నీ అంటుకుపోతున్నట్టు అరిచింది. తీరా పేరు చెప్పమంటే నోరు పడిపోయింది. సిగ్గుండాలమ్మా! నిజం చెప్పే మనిషికి ఒక్క పేరు చెప్పడానికి అంత భయమేమిటి?”

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి ఏడుపు నీళ్లు కావు, పట్టలేని కోపం. మైకు ఇంకా చేతిలోనే ఉంది, అందుకే ఆమె అన్న మాట మైదానం ఆ చివరిదాకా వినిపించింది.

“కట్టుకున్నోడి పేరు ఏ నోటితో సెప్పమంటావు బాబూ?”