నా ఆప్తులు అయిదుగురు

యావన్మంది ప్రజలకూ తెలియజేయడమేమనగా, నా సెలూన్లో ఎడమవైపు కుర్చీ ఈ ఉదయం నుంచి కిర్రుమనడం మానేసింది. ఇవాళ అందులో మొదట కూర్చున్నది మా అక్క.

అక్క కాలేజీలో సమాజశాస్త్రం చెబుతుంది. మనుషులు మనసులో మాట ఎవరితో చెప్పుకుంటారో వీధి వీధీ తిరిగి రాసుకుంటుంది. మా వీధిలో ముప్ఫైమంది నా పేరే చెప్పారట. నేనేమో అయిదుగురి పేర్లు రాసిచ్చాను.

"ఆ అయిదుగురూ ఎక్కడుంటార్రా? సాయంత్రంలోగా వాళ్ళని కలిసి రాసివ్వకపోతే నా ఉద్యోగం పర్మనెంటు కాదు."

"వాళ్ళెవరూ లేరక్కా. ఖాళీ కాగితం ఇవ్వడానికి సిగ్గేసింది."

"అందరి గోడూ వింటావు. నీ గోడు చెప్పుకోడానికి ఒక్కరూ లేరా?"

"కత్తి పట్టుకుని నా కష్టాలు చెబితే కుర్చీలో ఎవడు కూర్చుంటాడక్కా?"

అక్క ఆ పేర్లన్నీ కొట్టేసి, "నా పేరు రాయరా వెధవా" అంది.

అక్క అడగడం వరకూ నిజం. ఆ అయిదుగురూ లేరన్నదీ నిజమే. ఆ మాట అక్కతో చెప్పాననేదీ, తన పేరు రాయమందనేదీ నేను కల్పించాను. నిజానికి నవ్వుతూ అయిదు చిరునామాలు కూడా ఇచ్చాను. అక్క ఎండలో ఆ ఇళ్ళ కోసం తిరుగుతోంది. ఇప్పుడే ఫోన్ చేసి, మొదటి ఇల్లే కనబడటం లేదంది.

"ఇంకొంచెం ముందుకెళ్ళు అక్కా" అన్నాను.