బాల్కనీకి వచ్చిన గది

ఆసుపత్రులు కట్టడం మానేసి, వైద్యం గదులనే ఇళ్ళకు పంపుతున్న రోజులవి. హైమ వాళ్ళ తొమ్మిదో అంతస్తు బాల్కనీకి అలాంటి గది వచ్చి అతుక్కుంటే, ఆమె భర్త సన్యాసిరావు తనే నడిచి అందులోకి వెళ్ళాడు. వారం తర్వాత తెల్లవారుజామున అందులోనే పోయాడు.

అతన్ని హాల్లో పడుకోబెట్టారు. ఖాళీ గది తనను తాను కడుక్కుంటుంటే, కింది అంతస్తు నాగరత్నం వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అడగకూడదమ్మా. మా అమ్మాయికి నొప్పులొస్తున్నాయి. ఇంకో గది రావాలంటే మధ్యాహ్నం దాటుతుందట."

"ఆయన పోయిన గదిలోకా పిన్నీ?"

"కడిగేసుకుంటుంది కదమ్మా."

హైమ మీట నొక్కింది. గది బాల్కనీని వదిలి కిందికి దిగిపోయింది. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. గది కోసం కటకటాలు తీసేసిన బాల్కనీలోంచి పిల్లలెవరైనా పడిపోతారని తలుపు గడియ పెట్టింది.

దహనం అయ్యాక, సాయంత్రం నాగరత్నం కాఫీ తెచ్చింది.

"ఎవరు పుట్టారు?" అని హైమే అడిగింది.

"ఆడపిల్ల." నాగరత్నం తల దించుకుంది. "మా అమ్మాయి వణికిపోతూ వెళ్ళింది. లోపలంతా వెచ్చగా ఉందట. ప్రాణం లేచొచ్చిందంది."

"ఆయనకు చలి పడదు. రాత్రి నేనే వేడి పెంచాను," అంది హైమ, ఇంకెవరి సంగతో చెబుతున్నట్టు.