చిన్నబ్బ తెచ్చిన డబ్బా

"ఇంకోసారి!" అని అరిచాడు దయానంద్.

అది పదకొండోసారి. కాణిపాకం రోడ్డు పక్క మామిడితోపులో ముగ్గురు నటులు మళ్ళీ పరుగెత్తారు. మనుషుల్ని చంపే కందిరీగలు వెంటపడినట్టు లేదు. తిరుపతి బస్సు కదిలిపోతుంటే సీటు కోసం ఉరికినట్టుంది. హీరోయిన్ జాహ్నవి అయితే చున్నీ సర్దుకుంటూ, నవ్వు ఆపుకుంటూ పరుగెత్తింది.

ఆమె తప్పేం లేదు. మొదటి రోజు థర్మకోల్‌తో మేకంత కందిరీగను చేసి, నైలాన్ తాడుతో కొమ్మకు వేలాడదీశారు. అది గాలికి గిరగిరా తిరిగి, తల ఊడి, విలన్ శ్రీనివాసులు ఒళ్ళో పడింది. అప్పటినుంచీ కందిరీగ అన్న మాట వినబడితే చాలు, యూనిట్ మొత్తం పడీపడీ నవ్వడమే. పురుగుల్ని తర్వాత కంప్యూటర్లో కలుపుకుంటాను, మీరు ఊరికే భయపడండి చాలు, అన్నాడు దర్శకుడు దయానంద్. ఆ ఒక్కటే వాళ్ళకు చేతకాలేదు.

రెండు గంటలకు కెమెరా చెన్నై వెళ్ళిపోవాలి. సినిమా తీయిస్తున్న మేనమామ పొద్దున్నే ఖండితంగా చెప్పేశాడు. ఈ రోజు ఈ సీను రాకపోతే సినిమా ఆగిపోతుంది. రేపటినుంచి దయానంద్ చిత్తూరులో ఆయన సిమెంటు అంగట్లో కూర్చోవాలి.

దయానంద్ గడియారం చూసుకున్నాడు. పన్నెండున్నర. అరనిమిషం ఆగి మళ్ళీ చూసుకున్నాడు. కూర్చోలేడు, నిలబడలేడు.

భాకరాపేట అడవిలో తేనె తీసే చిన్నబ్బకు నిన్ననే కబురు పెట్టాడు. నిజం కందిరీగలే కావాలన్నాడు. ఆ ముసలాయన ఇంకా రాలేదు.

అనుకుంటుండగానే వచ్చాడు. భుజాన తువ్వాలు, రెండు చేతుల్లో పాత రేకు డబ్బా. మూతకు పొడుగాటి పురికొస కట్టి ఉంది.

"తెచ్చినావా తాతా?"

"మెల్లిగా మాట్లాడు నాయనా. బస్సులో ఈ డబ్బాను ఒళ్ళోనించి దించలేదు. రవ్వంత వంగినా అంతా పాడైపోతాది."

దయానంద్ డబ్బాకు చెవి ఆనించాడు. లోపల జుమ్మని మోత వినబడినట్టయింది. గబుక్కున తల వెనక్కి లాక్కున్నాడు.

యూనిట్‌లో నవ్వులు ఆగిపోయాయి.

"కుడతాయా తాతా?" అంది జాహ్నవి.

"కుట్టేదేముండాది పాపా, అది ఒక్క నిమిషం పని. తరుముకుంటే తెలుస్తాది. పోయినేడు ఒకటి ఘాట్‌లో టమాటా లారీ వెంటబడింది. పీలేరు దాకా తరిమింది. డ్రైవరు లారీ వదిలేసి టీ అంగట్లో దూరినాడు. అది పోతేనా? లారీ బానెట్ మీద కూసోని రెండు దినాలు కాసుకోనింది."

"తర్వాత?" అన్నాడు శ్రీనివాసులు.

"వాడు ఎనక తలుపులోంచి కొండకు పోయి గుండు కొట్టించుకోని వచ్చినాడు. అప్పుడుగానీ దానికి గుర్తు తప్పలేదు."

ఎవరూ నవ్వలేదు. జాహ్నవి మెల్లగా తన జడ తడుముకుంది.

"భోంచేసినావా తాతా? ఆకేయిస్తా," అన్నాడు దయానంద్.

"నాకొద్దులే అప్పా. ముందర నీ పని కానీ. ఎండెక్కే కొద్దీ వీటికి కోపమెక్కుతాది."

చిన్నబ్బ డబ్బాను చెట్టు మొదట్లో పెట్టాడు. పురికొస కొస పట్టుకుని ఇరవై అడుగుల దూరంలో గట్టు చాటున కూర్చున్నాడు.

"మూత లేసినాక ఎవురూ ఎనక్కి తిరిగి సూడొద్దండి. మొగం సూస్తే గుర్తుపెట్టుకుంటాయి."

"యాక్షన్!"

పురికొస బిగిసింది. మూత వేలెడంత లేచింది.

జాహ్నవి పెట్టిన కేకకు తోపులో కాకులన్నీ ఒక్కసారిగా లేచాయి. శ్రీనివాసులు తాను విలన్ అన్న సంగతి మరిచి, హీరోని తోసేసి, పశువుల తొట్టిలో దూకాడు. హీరో కొమ్మలకు గీసుకుంటూ, చెప్పులు వదిలేసి, మెయిన్ రోడ్డు చేరాడు. కెమెరామన్ కూడా ఉరికాడు. కెమెరా మాత్రం స్టాండు మీద నిలబడి తన పని తాను చేసుకుపోయింది. దయానంద్ వ్యాన్‌లో దూరి అద్దాలు బిగించుకున్నాడు. అప్పటికే మెడ మీద చురుక్కుమంది.

అరగంట తర్వాత ఒక్కొక్కరే బయటికి వచ్చారు. కెమెరాలో సీను చూసుకుని దయానంద్ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అంత భయం అతను ఏ సినిమాలోనూ చూడలేదు. ఫోన్‌లో చూసిన మేనమామ కూడా, "ఇంగ సిమెంటు ఊసెత్తనులే అల్లుడా," అన్నాడు.

జాహ్నవి చెంప వాచిందని పట్టుకుంది. శ్రీనివాసులు ముంజేతి మీద రెండు కాట్లు లెక్కపెట్టి చూపించాడు. చిన్నబ్బ రొంటిలోంచి సున్నం డబ్బీ తీసి, అందరికీ ఓపిగ్గా పూశాడు.

"నీ మెడ మీద ఒకటే అప్పా. అదృష్టవంతుడివి."

దయానంద్‌కు మంట తగ్గలేదు. దానికంటే పెద్ద దిగులు పట్టుకుంది. రోడ్డు మీద కాణిపాకం నడిచిపోయే జనం. పక్క పల్లెలో బడి.

"తాతా, అవి యాడికి పోయినాయో ఏమో! దోవన పొయ్యే పిల్లోళ్ళను కుడితే? మళ్ళీ డబ్బాలోకి పిలుస్తావో, ఏం చేస్తావో, నీ కాళ్ళు పట్టుకుంటా."

"అట్ల అల్లాడిపోతే ఎట్ల నాయనా? ఉండు."

చిన్నబ్బ తొట్టి దగ్గర చేతులు కడుక్కుని వచ్చాడు. చెట్టు కింద బాసింపట్టు వేసుకుని, డబ్బాను దగ్గరికి లాక్కున్నాడు. మూత మీద చెయ్యి వెయ్యగానే యూనిట్ మొత్తం నాలుగడుగులు వెనక్కి తగ్గింది.

చిన్నబ్బ మూత తీసి, పొద్దున ఇంట్లో పెట్టింది పెట్టినట్టే ఉన్న రాగిసంగటి ముద్దను, మీద ఊరిబిండి పచ్చడి కూడా చెదరకుండా, బయటికి తీశాడు.